పాత చెక్క లాంచీ: పలకలు మార్చాలా, ఫైబర్ వేయాలా, కొత్తదే కట్టాలా?

రెండేళ్ళ కిందట మా బావా నేనూ కలిసి కోనసీమలో ఒక కాలవ గట్టు మీద పడి ఉన్న లాంచీ కొన్నాం. 30 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, టేకు పలకలు, ముందు చిన్న సరంగు గది (లాంచీ నడిపేవాడు నిలబడేది). 1974లో గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య జనాన్ని దాటించిన రకం అని అమ్మినాయన చెప్పాడు. ఆ ఒక్క మాటకే మా బావ పడిపోయాడు. లారీ మీద భీమిలి తెచ్చి, తెలిసినవాళ్ళ కొబ్బరితోటలో దింపాం. మర్నాడే విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు మేస్త్రిని తీసుకొచ్చి చూపించాం. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడక్కడ చేత్తో తట్టి, "ఏటి బాబూ, రంగు సూసి కొన్నారా, కర్ర సూసి కొన్నారా?" అన్నాడు.

రంగు చూసే కొన్నాం. ఆ తర్వాత టెన్షన్ మొదలైంది. ఒకరు ఫైబర్ వేసేయమంటారు. ఇంకొకరు పలకలు మార్చమంటారు. మా పెద్దమ్మ అయితే ఇంజను అమ్ముకుని మిగతాది పొయ్యిలో పెట్టుకోమంది. ఈ రెండేళ్ళలో తిరిగి తెలుసుకున్నవీ, చేసిన తప్పులూ కలిపి రాస్తున్నా. మీ చేతిలోనూ ఇలాంటి లాంచీ ఉండి ఏ దారిన పోవాలో తోచకపోతే పనికొస్తుంది.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

ఏ నీళ్ళలో తిరగాలి? మొదట అడగాల్సింది ఇదే, చాలామంది అడగనిదీ ఇదే. మంచినీళ్ళలో చెక్కకి శత్రువు కుళ్ళు. అది ఒక రకం బూజు. చెక్కలో తేమ 20 శాతం దాటి, గాలీ తగిలితేనే పెరుగుతుంది. అందుకే ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే అడుగు పలక తరచూ బాగానే ఉంటుంది. వాన నీళ్ళు దిగే డెక్కు అంచూ, సరంగు గది మూలలూ ముందు పోతాయి.

ఉప్పునీళ్ళ కథ వేరు. అక్కడ ఓడపురుగు ఉంటుంది. పేరుకి పురుగే గానీ అది ఆల్చిప్పల జాతి. గుండుసూది మొనంత చిల్లుతో లోపలికి దూరి, లోపలే పెరుగుతూ చెక్క నిండా సొరంగాలు చేస్తుంది. బయటి నుంచి చూస్తే పలక నున్నగా ఉంటుంది, బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. విశాఖ హార్బర్‌లో దీని బెడద ఎంతటిదంటే, బెంగళూరులోని కలప పరిశోధన సంస్థ ఏ కర్ర ఎంతకాలం తట్టుకుంటుందో చూడటానికి ఇక్కడి నీళ్ళలోనే చెక్క ముక్కలు వేలాడదీసి పరీక్షలు చేసింది. గోదావరిలో ఏళ్ళ తరబడి చెక్కుచెదరని పలక ఇక్కడ రక్షణ లేకుండా ఉంటే నిలవదు. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోటు కూడా ఉప్పు కలిసిన నీరే. "నదే కదా" అని మోసపోవద్దు.

నీళ్ళలోనే ఉంటుందా, బయట ఉండి అప్పుడప్పుడు దిగుతుందా? పలకల లాంచీ నీళ్ళలో ఊరితేనే సందులు మూసుకుంటాయి. మూడు నెలలు ఎండలో పెట్టి ఒక ఆదివారం దింపితే జల్లెడలా కారుతుంది.

మా మొదటి తప్పు ఇక్కడే. మే నెల ఎండకి పలకల మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందులు వచ్చాయి. మా బావ ఆత్రం కొద్దీ రాయిలా గట్టిపడే పుట్టీ తెచ్చి అన్నీ నింపేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. జులైలో లోపలా బయటా తడి గోనెసంచులు కప్పి, రోజూ మూడు పూటలా పైపుతో నీళ్ళు పట్టాం, చెక్క ఊరుతుందని. ఊరింది. పుట్టీ మాత్రం అంగుళంలో నూరో వంతు కూడా నొక్కుకోలేదు. ఎనిమిదో రోజు పొద్దున నేను కాఫీ గ్లాసుతో పక్కనే నిలబడి ఉండగా లోపల టప్‌మని చప్పుడు. కాసేపటికి ఇంకొకటి. దిగి చూస్తే లోపలి వంపు చెక్కలు రెండు అడ్డంగా విరిగి ఉన్నాయి, విరిగిన చోట కర్ర తాజాగా, పసుపు రంగులో. పలకలకి ఉబ్బే చోటు లేక తమని పట్టుకున్న ఎముకల్నే విరగదీశాయి. సందుల్లో పెట్టేది ఎప్పుడూ మెత్తగా ఉండాలి, నూలైనా, అవిసె నూనెతో కలిపిన సుద్ద పుట్టీ అయినా.

ఎంత కర్ర బతికి ఉంది? దీనికి విడిగా పరీక్ష ఉంది, కింద రాశాను.

ఎవరు ఎక్కుతారు? ఇంటివాళ్ళు ఎక్కడం ఒకటి, టికెట్ కొన్నవాళ్ళు ఎక్కడం ఇంకొకటి. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇప్పుడు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ఉంది. ఇంజనుతో నడిచే బోటుకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, నడిపేవాడికి అర్హత అన్నీ దాని కిందకే వస్తాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగాక గోదావరి మీద తనిఖీలు గట్టిపడ్డాయి, పడాలి కూడా. జనాన్ని ఎక్కించే ఆలోచన ఉంటే పని మొదలుపెట్టకముందే బోట్లు తనిఖీ చేసే సర్వేయర్‌ని పిలిచి చూపించండి. అంతా అయ్యాక పిలిస్తే విప్పి చూపించమంటారు.

## కర్ర పరీక్ష

కావాల్సినవి: మొన పదునుగా ఉన్న స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, సుద్దముక్క, 35 అడుగుల నైలాన్ దారం. వీలైతే తేమ మీటరు. ఒక పూట చాలు.

మొదట దారం. ముందు కొస నుంచి వెనక కొస దాకా అడుగు దూలం పక్కన బిగించి కట్టండి. దూలం మధ్యలో పైకి లేచి, రెండు కొసలూ కిందకి వాలి ఉంటే లాంచీ నడుము విరిగినట్టే. అంగుళం లోపు అయితే బతకొచ్చు, ఆసరాలు సరిచేసి మెల్లగా కూర్చోబెట్టొచ్చు. మూడు నాలుగు అంగుళాలు ఉంటే పలకలు మార్చి లాభం లేదు, ఆ వంకరకే కొత్త పలకలు కొడతారు.

తర్వాత సుత్తి. మంచి కర్ర ఠంగుమంటుంది, పోయింది దబ్‌మంటుంది. దబ్‌మన్న చోటల్లా సుద్దతో గీత పెట్టి స్క్రూడ్రైవర్ గుచ్చండి. పావు అంగుళం తేలిగ్గా దిగితే ఆ పలక లెక్కలోంచి తీసేయండి. ముఖ్యంగా చూడాల్సిన చోట్లు: అడుగు దూలానికి ఆనుకున్న మొదటి పలక, ముందు నిలువు దూలం దగ్గర పలకలు కలిసే చోటు, వెనక బల్ల మూలలు, డెక్కు అంచు కింద, ఇంజను కింద డీజిలు తాగి నల్లబడిన భాగం. ఈ ఆఖరిది చిత్రంగా తరచూ బాగానే ఉంటుంది. నూనె తాగిన కర్రకి కుళ్ళు అంత తేలిగ్గా పట్టదు.

ఆఖరున మేకులు. నాలుగు చోట్ల నాలుగు మేకులు పీకి చూడండి. ఇనప మేకు మధ్యలో సన్నబడి నడుము లేని చీమలా వచ్చిందంటే, లాంచీలో మేకులన్నీ అలాగే ఉన్నాయని లెక్క. చుట్టూ ఉన్న కర్ర కూడా నల్లగా మెత్తబడి ఉంటుంది. కర్ర బాగుండి మేకులు పోయిన లాంచీలు చాలా ఉంటాయి, వాటికి మళ్ళీ మేకులు కొట్టించుకుంటే చాలు. అప్పుడు మాత్రం పాత ఇనప మేకుల పక్కనే రాగి మేకులు కొట్టించకండి. ఉప్పునీళ్ళలో ఆ రెండూ కలిస్తే ఇనుము ఇంకా తొందరగా తినేయబడుతుంది. మారిస్తే ఆ పలకవి అన్నీ మార్చాలి.

మా లాంచీ లెక్క: నడుము నిలిచింది, పలకల్లో మూడో వంతు పోయింది, మేకులు దాదాపు అన్నీ పోయాయి. ఈ లెక్క చేతిలో ఉంటే కింది దారుల్లో సగం వాటంతటవే తప్పుకుంటాయి.

## మొదటి దారి: పలకలు మార్చి, నూలు కొట్టి

తాతల నాటి పద్ధతి. పోయిన పలక తీసి, అదే మందంలో అదే వంపులో కొత్తది పెట్టి, రాగి మేకులతో బిగించి, సందుల్లో నూలు కొట్టి, పైన పుట్టీ, రంగు. విరిగిన వంపు చెక్కలకి ఆవిరి పెట్టి కొత్తవి వంచుతారు. అంగుళం మందానికి గంట ఆవిరి అని లెక్క. ఆవిరి పెట్టెలోంచి తీశాక అర నిమిషంలో వంచి బిగించకపోతే మళ్ళీ కర్రే. ఇది చూడాల్సిన పని. ఇద్దరు చేతిగుడ్డలతో ఆ వేడి చెక్క పట్టుకుని పరుగెత్తుతుంటే మూడోవాడు లోపల మోకాళ్ళ మీద కూర్చుని కాలితో తొక్కి వంచుతాడు.

కలప ఎంత పడుతుందో మీరే వేసుకోవచ్చు. పొడవుని, వెడల్పూ లోతూ కలిపిన అంకెతో గుణిస్తే బయటి పలకల విస్తీర్ణం ఉజ్జాయింపుగా వస్తుంది. మాది 30 × (8+3), అంటే 330 చదరపు అడుగులు. మూడో వంతు 110. పలక మందం అంగుళంబావు కాబట్టి 110ని 1.25తో గుణించి 12తో భాగిస్తే పదకొండున్నర ఘనపుటడుగులు. వంపు పలకల్లో తరుగు ఎక్కువ, కాబట్టి పదహారు దాకా కొనాలి. ఈ లెక్క లేకుండా మిల్లుకి వెళితే వాళ్ళు చెప్పిందే లెక్క.

కలప ఎక్కడ? పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే బర్మా టేకు వెతకండి. ఈ తీరం నుంచి రంగూన్‌కి జనం వెళ్ళొచ్చిన రోజుల్లో అక్కడి టేకు మన ఇళ్ళ దూలాలకీ, ద్వారబంధాలకీ బాగా చేరింది. ఎండి ఎండి ఉంటుంది కాబట్టి మెలి తిరగదు. చిక్కు ఏంటంటే పొడవు దొరకదు, లోపల విరిగిన మేకులు రంపాన్ని తినేస్తాయి. కొత్త టేకు కొంటే బిల్లుతో పాటు అటవీ శాఖ ట్రాన్సిట్ పర్మిట్ చూసి తీసుకోండి. లోపలి వంపు చెక్కలకి నల్లతుమ్మ మంచిది, సహజంగా వంకర తిరిగిన కొమ్మలే దొరుకుతాయి.

ఈ దారిలో నాకు నచ్చేది, రేపు ఏ పలక పోతే ఆ పలకే మార్చుకోవచ్చు. నచ్చనిది, ఏటేటా పని. ఏడాదికోసారి ఒడ్డెక్కించి, గీకి, సందులు చూసుకుని, రంగు వేయాల్సిందే. ఒక ఏడు మానేస్తే తర్వాతి ఏడు రెండింతలు పని ఉంటుంది. ఉప్పునీళ్ళలో పెడితే అడుగున నాచూ పురుగూ పట్టని రంగు తప్పనిసరి.

## రెండో దారి: పైన ఫైబర్

హార్బర్‌కి వెళ్ళి ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఇదే. వాళ్ళ దృష్టిలో అది సరైనదే. వేట బోటు యజమానికి కావాల్సింది పురుగు పట్టకుండా, నీళ్ళు కారకుండా ఇంకొన్నేళ్ళు వేట సాగడం. చెక్క మీద గాజునార (ఫైబర్) చాప పరిచి, గట్టిపడే జిగురు లాంటి రెజిన్ పూస్తే ఆ పని జరుగుతుంది. చేసే మనుషులు బోలెడు మంది, పని రోజుల్లో అయిపోతుంది.

పాత లాంచీకి ఇది వేరేగా పనిచేస్తుంది. యాభై ఏళ్ళ పలక లోపల తేమ ఉంటుంది. తడిబట్ట ప్లాస్టిక్ సంచిలో కట్టి బీరువాలో పెడితే ఏమవుతుందో అదే అవుతుంది. పైగా పలకలు కదులుతాయి, ఫైబర్ కదలదు. మామూలు పాలియెస్టర్ రెజిన్ నూనె ఉండే టేకుకి సరిగా అంటుకోదు కూడా. రెండు మూడు వానాకాలాల తర్వాత ఎక్కడో చిన్న పగులు, అందులోంచి నీళ్ళు చెక్కకీ ఫైబర్‌కీ మధ్య చేరి బయటికి రాలేక అక్కడే ఉంటాయి. పైకి మెరుస్తూనే ఉంటుంది. ఒకరోజు స్క్రూ బిగించబోతే స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, పట్టడానికి లోపల కర్ర మిగలదు.

అందుకని అసలు వద్దని అననుగానీ, ఫైబర్ వేశాక వెనక్కి రాలేమని తెలిసి వేయండి. లాంచీ ఎలాగూ ఇంకో ఏడెనిమిదేళ్ళకి మించి వద్దు, హార్బర్ నీళ్ళలో తిరగాలి, డబ్బు తక్కువ అంటే ఇది న్యాయమైన ఎంపిక. తాతగారి లాంచీ, మనవడికి ఇవ్వాలి అంటే కాదు.

## మూడో దారి: ఎపాక్సీతో పొరలు

ఎపాక్సీ అంటే చెక్కకి గట్టిగా పట్టే ఇంకో రకం రెజిన్. ఈ పద్ధతి మనవైపు తక్కువ. రంగంతా గీకేసి, చెక్కని 12 శాతం తేమ దగ్గరకి ఎండబెట్టి, సందుల్లో నూలు బదులు సన్నని చెక్క బద్దలు ఎపాక్సీతో అతికించి, దాని మీద పల్చటి చెక్క పొరలు ఏటవాలుగా ఒకటి ఇటు, ఒకటి అటు అతికిస్తారు. పాత పలకలు లోపలి అచ్చులా ఉండిపోతాయి. అంతా కలిసి ఒకే చిప్పలా గట్టిపడుతుంది, ఊరడం ఎండడం ఉండవు. బయట ఉంచి వారాంతంలో ట్రాలీ మీద తీసుకెళ్ళేవాళ్ళకి దీనికి మించింది లేదు.

విశాఖలో దీనికి అసలు అడ్డంకి గాలిలో తేమ. సముద్రం పక్కన చెక్క 12 శాతానికి ఎండటం అంటే షెడ్డు, ఫ్యాన్లు, ఓపిక. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు గాలి తేమగా ఉంటే పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని నీళ్ళతో కడిగి గీకకుండా తర్వాతి పూత వేస్తే అంటుకోదు. జనవరి నుంచి మార్చి దాకా ఉన్న మూడు నెలల్లో చేసుకుంటే నయం. చేతికి గ్లౌజులు లేకుండా చేసేవాళ్ళకి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, ఒకసారి వస్తే ఆ తర్వాత వాసనకే వస్తాయి. ఖర్చులో పెద్ద వాటా రెజిన్‌దే.

## నాలుగో దారి: కొలతలు తీసి కొత్తది

సగం కంటే ఎక్కువ పోయినప్పుడు, లేదా నడుము విరిగినప్పుడు నిజాయితీ గల దారి ఇదే. పాత గుడికి జీర్ణోద్ధరణ అన్నట్టు, ఆకారం పాతది, కర్ర కొత్తది. చుక్కాని చక్రం, గంట, ఇంజను, సరంగు గది తలుపు లాంటివి పాతవే తెచ్చి పెట్టుకోవచ్చు.

విప్పకముందే కొలతలు తీయాలి. శ్రీశైలం ముంపులో గుళ్ళని రాయి రాయికీ నంబరు వేసి విప్పినట్టు, ప్రతి పలకకీ నంబరు, ప్రతి రెండడుగులకీ ఒక అడ్డకోత కొలత. విశాఖ దగ్గర ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైను) చెప్తారు. అక్కడి విద్యార్థులకి ఇలాంటి లాంచీ కొలిచి గీయడం మంచి ప్రాజెక్టు అవుతుంది, అడిగి చూడండి. కట్టడానికి కాకినాడ దగ్గర తాళ్ళరేవు వైపు వెళ్ళాలి. కోరంగి ఓడలు కట్టిన నేల అది.

అయిపోయాక దాన్ని "అసలు పాత లాంచీ" అని చెప్పి టూరిస్టులకి చూపించకండి. పాత అచ్చున కట్టిన కొత్తది అని చెబితే తక్కువేం కాదు.

## ఐదో దారి: ఒడ్డున నిలబెట్టడం

భీమిలి రోడ్డులో రిసార్టు ఉన్నవాళ్ళు ఎక్కువగా దీనికే మొగ్గుతారు. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి 2002 నుంచి ఇసుక మీద నిలబడి ఉంది కదా అంటారు. అది ఉక్కు, పైగా దానికి ఏళ్ళ తరబడి రంగులూ మరమ్మతులూ జరుగుతూనే ఉన్నాయి. చెక్క లాంచీని అలా ఎండలో పెడితే రెండు వేసవుల్లో పలకలు నోళ్ళు తెరుస్తాయి, వాన నీళ్ళు లోపల నిలుస్తాయి, కింద నుంచి చెదలు ఎక్కుతాయి.

నిలబెట్టాలంటే పైన కప్పు వేయించండి. అడుగు దూలం కింద నాలుగైదు చోట్ల సిమెంటు దిమ్మెలు, నీళ్ళు పోయే చిల్లు తెరిచి ఉంచడం, లోపల గాలి ఆడేలా డెక్కు మూత కొంచెం తీసి పెట్టడం కూడా చూసుకోవాలి. నేలకి బిగించి కట్టడం మర్చిపోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఏమేం లేచిపోయాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

## ఒక్కచోట చూస్తే

| | పలకలు, నూలు | ఫైబర్ తొడుగు | ఎపాక్సీ పొరలు | కొత్తది కట్టడం | ఒడ్డున నిలపడం |
|---|---|---|---|---|---|
| ఎప్పుడు | మూడో వంతు దాకా పోతే | ఇంకొన్నేళ్ళు చాలంటే | పలకలు బాగుండి మేకులు పోతే | సగం పైన పోతే | తిప్పే ఆలోచన లేకపోతే |
| మంచినీళ్ళు | చాలా బాగు | అక్కర్లేదు | బాగు | బాగు | – |
| హార్బర్ నీళ్ళు | పురుగు భయం | పురుగు నుంచి రక్షణ | రక్షణ | కట్టే తీరుని బట్టి | – |
| బయట ఉంచి దింపడం | కారుతుంది | పర్లేదు | చాలా బాగు | కట్టే తీరుని బట్టి | – |
| ఏటేటా పని | ఎక్కువ | తక్కువ | తక్కువ | మొదట్లో తక్కువ | అనుకున్న దానికంటే ఎక్కువ |
| మొదటి ఖర్చు | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ | కప్పుతో కలిపి మధ్యస్థం |
| తర్వాత మనసు మారితే | మారొచ్చు | కష్టం | కుదరదు | – | ఆలస్యమైతే కుదరదు |
| విశాఖలో మనుషులు | తగ్గిపోతున్నారు | బోలెడు | అరుదు | తాళ్ళరేవు వెళ్ళాలి | ఎవరైనా |

## ఇంజను గురించి కొంచెమే

ఇలాంటి లాంచీ నీళ్ళని తోసుకుంటూ పోతుంది, నీళ్ళ మీద లేచి పరుగెత్తదు. నీటి గీత దగ్గర పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. 30 అడుగులకి అది 7 నాట్ల చిల్లర, గంటకి పదమూడున్నర కిలోమీటర్లు. ఎంత పెద్ద ఇంజను పెట్టినా దాన్ని దాటదు, డీజిలు మాత్రం తాగుతుంది. పాత ఇంజను తిరుగుతూ, పార్టులు దొరుకుతుంటే అదే ఉంచండి, ఆ టక్ టక్ చప్పుడే సగం అందం.

కరెంటు మోటారు ఆలోచన వస్తే నవ్వొద్దు. కేరళలో వైకం దగ్గర 75 మంది ఎక్కే సోలార్ ఫెర్రీ 'ఆదిత్య' 2017 నుంచి తిరుగుతోంది. నెమ్మదిగా, తక్కువ దూరం, రోజూ ఒకే ఒడ్డుకి తిరిగొచ్చే లాంచీకి ఇది సరిపోతుంది. పాపికొండల దాకా వెళ్ళాలంటే డీజిలే. ఏది పెట్టినా తోక దగ్గర బలి లోహం ముక్క ఉండాలి, మిగతా లోహాన్ని కాపాడుతూ ముందు తను తినేయబడేది: ఉప్పునీళ్ళకి జింకు, మంచినీళ్ళకి మెగ్నీషియం.

## ఎవరికి ఏది?

గోదావరి ఒడ్డున చోటుండి, లాంచీని నీళ్ళలోనే ఉంచి, సెలవుల్లో ఇక్కడి నుంచి వెళ్ళొచ్చేవాళ్ళకి మొదటి దారి. రెండో ఆలోచన వద్దు. అక్కడ రోజూ నీళ్ళు తోడి చూసే మనిషి ఒకడు ఉండాలి, అంతే.

విశాఖలోనే ఉంచి, నెలకోసారి ట్రాలీ మీద తీసుకెళ్ళి దింపాలనుకునేవాళ్ళకి, డబ్బుంటే, మూడోది. రోడ్డు మీద బండి వెడల్పు 2.6 మీటర్లు దాటితే ప్రత్యేక అనుమతులు కావాలి. మాది 8 అడుగులు, అంటే 2.44 మీటర్లు కాబట్టి బతికిపోయాం. పదడుగుల లాంచీ అయితే నెలనెలా తిప్పే ఆశ వదులుకోండి.

హార్బర్‌లో కట్టేసి పని చేయించుకోవాలనుకుంటే రెండోది. 2023 నవంబరులో రాత్రికి రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు బూడిదయ్యాయి. ఒకదానికొకటి ఆనుకుని ఉండే చోట చెక్క, డీజిలు, రెజిన్ అన్నీ ఉంటాయి. ఇన్సూరెన్స్ కాగితం లేకుండా అక్కడ పెట్టకండి.

టికెట్ పెట్టి జనాన్ని తిప్పే వ్యాపారమైతే పాత కర్ర మీద మమకారం పక్కన పెట్టి నాలుగో దారి చూడండి. సర్వేయర్ అడిగే ప్రశ్నలకి కొత్త కర్ర దగ్గర జవాబులు ఉంటాయి.

ఏదీ తేలకపోతే? కప్పు వేసి, ఆసరాలు సరిగ్గా పెట్టి, నీళ్ళు నిలవకుండా చూసి, ఒక ఏడాది అలా ఉంచండి. సరిగ్గా ఆసరా ఇచ్చిన లాంచీకి ఒక ఏడాది నీడలో ఏమీ కాదు. తొందరపడి వేసిన ఫైబర్‌ని గీకడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

## విశాఖలో పని ఎప్పుడు పెట్టాలి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి అప్పుడు మేస్త్రులు ఖాళీగా ఉంటారని మేం అనుకున్నాం. సరిగ్గా తలకిందులు. ఊళ్ళో బోట్లన్నిటికీ మరమ్మతులు జరిగేది ఆ రెండు నెలల్లోనే. బోటుని ఒడ్డెక్కించే స్లిప్‌వే దొరకదు, వడ్రంగి దొరకడు, ఫోన్ ఎత్తితే "నిషేధం అయ్యాక సూద్దారి బాబూ" అంటారు. జూన్ దాటితే వానలు, అక్టోబరు నుంచి తుపాన్ల భయం. మొత్తం మీద చెక్క పనికి డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఉన్నదే అసలు సీజను. నూలు కొట్టడం మాత్రం నీళ్ళలో దింపే నెల ముందు చేయించండి, ఎండాకాలంలో కొట్టి వదిలేస్తే వదులవుతుంది.

మేస్త్రికి మాటిచ్చేటప్పుడు రోజు కూలీ మీదా, మొత్తం గుత్తా మీదా అని అడుగుతారు. పాత లాంచీకి గుత్త ఇవ్వకండి. ఒక పలక విప్పితే పక్క పలక కథ బయటపడుతుంది. గుత్త తీసుకున్న మనిషి ఆ కథ మీకు చెప్పకుండా మూసేస్తాడు, అతని తప్పు కూడా కాదు.

మేం మొదటి దారే పట్టాం. బావ పుట్టీ అంతా ఉలితో గీకడానికి ఇద్దరికీ నాలుగు ఆదివారాలు పట్టింది. విరిగిన రెండు వంపు చెక్కల స్థానంలో నల్లతుమ్మవి వచ్చాయి. పదకొండు పలకలు మారాయి, అందులో మూడు పడగొట్టిన ఒక పాత ఇంటి దూలం కోసి తీసినవి. ఎడమవైపు నాలుగో పలకలో ఆ ఇంటి దీపం కొక్కెం చిల్లు ఇంకా ఉంది, మేస్త్రి దాన్ని చిన్న టేకు బిరడాతో మూశాడు. వెనక బల్ల ఒక్కటి మిగిలింది. మేస్త్రి వచ్చే సంక్రాంతి తర్వాత వస్తానన్నాడు.